సర్కారు వారి చదివింపు

1947 నవంబరు 20న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీలో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్‌కు ఫిలిప్ మౌంట్‌బాటెన్‌తో పెళ్లి జరిగింది. ఆ పెళ్లికి దేశదేశాల నుంచి రెండున్నర వేల దాకా కానుకలు వచ్చాయి. వాటిని సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో వరుసగా పేర్చి జనానికి చూపించారు, ఎవరు ఏమిచ్చారో చెప్పే జాబితా కూడా అచ్చువేశారు. మన పెళ్లిపందిట్లో ఒక మూల బల్ల వేసుకుని ఇచ్చినవారి పేరు, ఊరు, వస్తువు రాసుకునే చదివింపుల పుస్తకం లాంటిదే అది. ఆ కానుకల్లో కెన్యా నుంచి ఒక విడిది ఇల్లు ఉంది, బర్మా నుంచి 96 కెంపులు ఉన్నాయి, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ దంపతులు పంపిన చెక్కడపు గాజుపాత్ర ఉంది, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పంపిన 500 పెట్టెల అనాసపండు డబ్బాలు ఉన్నాయి. మన హైదరాబాదు నుంచి నిజాం ఇచ్చిన వజ్రాల టియారా, అంటే తల మీద చిన్న కిరీటంలా పెట్టుకునే నగ, వజ్రాల నెక్లెస్ ఉన్నాయి.

ఈ కానుకల గురించి చాలా ఏళ్లుగా చదువుతున్నాను. ఎంత ఖరీదు అనే ప్రశ్న కంటే, ఎవరు ఎంచారు, ఎవరి పేరున ఎంచారు అనే ప్రశ్నే నన్ను ఎక్కువగా వెంటాడుతుంది. ఒక మనిషి తన కష్టార్జితంతో కొన్న కానుకకు అతని ఇష్టమే కొలత, దాని మంచిచెడ్డలు మనం ఎంచనక్కరలేదు. ప్రభుత్వం ఇచ్చే కానుక సంగతి అలాంటిది కాదు. ప్రభుత్వానికి సొంత సంపాదన లేదు. ఎవరి పన్నుతో ఆ కానుక కొన్నారో, ఎవరి పేరు చెప్పి పంపారో వాళ్లు ఆ దుకాణానికి వెళ్లరు, ఆ పెళ్లికి వాళ్లకు పిలుపు రాదు, చాలాసార్లు అలాంటి కానుక ఒకటి వెళ్లిందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. కాబట్టి ఎంచే బాధ్యత నెత్తిన పడిన అధికారి, ఆ జనం చూస్తే ‘ఇది మాది, మేమిచ్చింది’ అని గుర్తుపట్టగలిగిన వస్తువునే ఎంచాలని, ఎంచే పనిని మాత్రం ఇంకెవరికీ, చివరికి పెళ్లికూతురికైనా సరే, వదిలిపెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నిజాం చేసింది సరిగ్గా ఆ వదిలిపెట్టడమే. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆనాటికి ప్రపంచంలోని మహా సంపన్నుల్లో ఒకడని పేరుపడ్డవాడు. ఆయన లండన్‌లోని కార్టియే నగల దుకాణానికి కబురు పంపాడు: యువరాణి స్వయంగా వచ్చి తనకు నచ్చినవి తీసుకోవాలి, ఖర్చు నిజాంది. ఆమె గులాబీ పువ్వుల పనితనమున్న ఒక టియారాను, 1930లలో ఆ దుకాణంలోనే తయారైన ప్లాటినం, వజ్రాల నెక్లెస్‌ను ఎంచుకున్నారు. ఆ నెక్లెస్ చాలా అందమైనది, ఆ మాట నేను కాదనను. 1952లో రాణి అయిన కొత్తలో ఫొటోగ్రాఫర్ డొరొథీ వైల్డింగ్ తీసిన చిత్రాల్లో ఆమె మెడలో అది కనిపిస్తుంది, 2014లో ఆమె మనవడు విలియం భార్య కేట్ మిడిల్టన్ కూడా ధరించారు. ఇష్టమైనదే తీసుకొమ్మని చెప్పడం గొప్ప ఔదార్యమని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఇంట్లో మేనమామ మేనకోడలిని దుకాణానికి తీసుకెళ్లి ‘నీకేది నచ్చితే అది తీసుకో తల్లీ’ అంటే అది నిజంగా ఔదార్యమే, ఎందుకంటే ఆ డబ్బు ఆయనది, ఆ పిల్ల ఆయన ఎత్తుకు పెంచిన పిల్ల. ఒక రాజ్యాధినేత ఇంకో రాజ్యపు యువరాణికి అదే మాట చెప్పి పంపితే, ఆ కానుకలో నుంచి ఇచ్చిన రాజ్యమే మాయమైపోతుంది. ఆ నగల్లో డబ్బు హైదరాబాదుది, అభిరుచి లండన్‌ది, పనితనం కార్టియే వారిది.

ఆ నెలలో హైదరాబాదు ఎలా ఉందో ఒకసారి తలచుకుందాం. 1947 ఆగస్టు 15 తర్వాత ఆ సంస్థానం ఇటు భారతదేశంలోనూ అటు పాకిస్తాన్‌లోనూ కలవకుండా నిలిచింది. అక్టోబరు 27న ఒప్పందం కోసం ఢిల్లీకి బయలుదేరవలసిన ప్రతినిధుల ఇళ్లను, హైదరాబాదు విడిగానే ఉండాలన్న మజ్లిస్ పార్టీ గుంపులు చుట్టుముట్టి కదలనివ్వలేదు. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద సంతకాలు నవంబరు 29న, అంటే లండన్‌లో పెళ్లి జరిగిన తొమ్మిది రోజులకు పడ్డాయి. తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ, లెవీ ధాన్యం వసూళ్లు, దొరల గడీల దౌర్జన్యం మీద పోరాటం నడుస్తోంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ కానుక నిజాం సొంత సొమ్ములోంచి ఇచ్చిందే కదా అని ఎవరైనా అడగవచ్చు. ప్రభుత్వ ఖజానాకు చెందిన దివానీ ఇలాకా వేరు, నిజాం సొంత ఇలాకా అయిన సర్ఫ్-ఎ-ఖాస్ వేరు అన్న మాట నిజమే. కానీ హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా మొత్తం సర్ఫ్-ఎ-ఖాస్ కిందే ఉండేది, అక్కడి రైతు కట్టింది కూడా భూమి శిస్తే. ఖాతా పేరు ఏదైనా, ఆ సొమ్ము మొదట ఒక రైతు మడిలోంచి లేచిందే.

నాకు మరింత బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ సంస్థానంలో ఒక యువరాణికి ఇవ్వదగినవి లేకనా? పైఠణ్ అప్పుడు హైదరాబాదు సంస్థానంలోనిదే, పైఠణీ చీర అక్కడిదే. ఔరంగాబాదు హిమ్రూ శాలువలు ఉన్నాయి, కరీంనగర్ వెండితీగ పని ఉంది, వరంగల్ తివాచీలు ఉన్నాయి. బీదర్ ఆ సంస్థానపు పట్టణమే. బిద్రీ పనివాడు జింకు, రాగి కలిపి పోత పోసిన పాత్ర మీద చిన్న ఉలితో పువ్వులూ తీగెలూ చెక్కుతాడు; ఆ గాడుల్లోకి వెంట్రుకంత వెండితీగను ఒక్కొక్క దెబ్బతో దించుతాడు; అంతా అయ్యాక బీదర్ కోటలోని పాత మట్టి, నవాసారం కలిపి మరిగించిన నీళ్లతో దానికి మెరుగు పెడతాడు. ఆ మట్టి తగలగానే పాత్ర ఒళ్లంతా నల్లబడుతుంది, వెండి మాత్రం నల్లబడకుండా ఆ నలుపులోంచి మెరుస్తూ బయటికి వస్తుంది. కోట లోపల గోడల నీడలో ఎండా వానా తగలకుండా ఉన్న మట్టికే ఆ గుణముందని పనివాళ్లు చెబుతారు, మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసి ఏరుకుంటారు. అలాంటి ఒక సురాహి, ఒక నగల పెట్టె యువరాణి చేతికి వెళ్లి ఉంటే అది ఇంకెక్కడి నుంచో వచ్చిందని ఎవరూ పొరపడలేరు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాయిన ఒక చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసేవాడు. సంఘంలో ఎవరి ఇంట్లో ఆడపిల్ల పెళ్లైనా సంఘం తరఫున ఒక ఇత్తడి బిందె ఇచ్చే ఆనవాయితీ ఉండేది. అందుకోసం ఒక్కొక్కరి మజూరీలోంచి రెండేసి రూపాయలు, ఆ డబ్బు వాళ్ల చేతికి రాకముందే కోసుకునేవారు. మా పెద్దక్క పెళ్లికి బిందె కొనడానికి వెళ్లినప్పుడు నేనూ వెంట వెళ్లాను. దుకాణం అరుగు మీద పేర్లు చెక్కే మనిషి బిందెను ఒళ్లో బోర్లించుకుని ఏం చెక్కమంటారని అడిగాడు. వచ్చినవారిలో ఒకాయన అప్పటి అధ్యక్షుడి పేరు చెప్పి, కింద సంఘం పేరు చిన్నగా వేయమన్నాడు. నాకు తాత వరుసయ్యే ఒక పెద్దాయన అంతవరకు గోడకు ఆనుకుని బీడీ కాల్చుకుంటున్నవాడు లేచి వచ్చి, ‘పైసలెవలియి?’ అన్నాడు. ‘సభ్యులయి’ అన్నారు. ‘మరి పేరు ఎవలిది ఉండాలె?’ అని మళ్లీ అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. చెక్కే మనిషి సుత్తితో చుక్కచుక్కగా కొట్టుకుంటూ ‘సంఘ సభ్యులందరు’ అని రాశాడు. ఆ రెండు మాటలకు పావుగంట పట్టింది, అంతసేపూ పెద్దాయన అక్కడే గొంతుక్కూర్చుని ఒక్కొక్క అక్షరాన్నీ చూశాడు. ఆయనకు చదవడం రాదు.

ఆ పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్ననే ఏ దేశపు సర్కారు కానుకనైనా అడగాలనిపిస్తుంది. కెన్యా కానుకనే తీసుకుందాం. కెన్యా పర్వతపు వాలులో, న్యేరి పట్టణానికి దగ్గర్లో ఉన్న సగానా లాడ్జ్‌ను కెన్యా తరఫున యువరాణికి పెళ్లి కానుకగా ఇచ్చారు. 1952 ఫిబ్రవరి 6న తండ్రి మరణవార్త ఆమెకు చేరింది ఆ ఇంట్లోనే. ఆ కానుకను ఎంచింది వలస ప్రభుత్వం. ఆ ప్రాంతపు కికుయు ప్రజల్లో ఎంతోమంది భూములు అప్పటికే తెల్ల భూస్వాముల చేతికి పోయాయి. ఆ ఏడు అక్టోబరులోనే వలస పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటును అణచడానికి అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. తన భూమిని పోగొట్టుకున్న మనిషి పేరు మీద అదే నేలమీది ఇంటిని కానుక ఇవ్వడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇల్లు కెన్యా ప్రభుత్వానికే చేరి, ఇప్పుడు దేశాధ్యక్షుడి విడిది భవనంగా ఉంది. అది న్యాయమే జరిగిందని అనుకుంటాను.

బర్మా కెంపుల దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం మారుతుంది. 1947 జూలై 19న బర్మా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్ సాన్‌ను, ఆయన సహచరులను మంత్రివర్గ సమావేశంలోనే కాల్చి చంపారు. 1948 జనవరి 4న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య, అంత దుఃఖంలో, అంత అనిశ్చితిలో ఉన్న దేశం 96 కెంపులు పంపింది. మనిషికి 96 రోగాలు సోకుతాయని, ఒక్కొక్క కెంపు ఒక్కొక్క రోగం నుంచి కాపాడుతుందని అక్కడివారి నమ్మకం. కెంపు ఖరీదైన రాయే, పేద దేశం అంత విలువైనది ఇవ్వవచ్చునా అని అడిగితే ఆ ప్రశ్నకు బలముంది. అయినా ఆ రాయి వాళ్ల నేలది, ఆ లెక్క వాళ్ల నమ్మకంలోనిది, మన ఇళ్లలో పెళ్లికూతురి బుగ్గన దిష్టిచుక్క పెట్టే ముత్తైదువ మనసు లాంటి మనసు ఆ ఎంపికలో ఉంది. 1973లో గారార్డ్ నగల సంస్థ ఆ కెంపులను ఒక టియారాగా పొదిగింది. అందుకు కావలసిన వజ్రాల కోసం నిజాం ఇచ్చిన టియారాను విప్పేశారు. దాని గులాబీ పువ్వులు మూడు మాత్రం బ్రోచ్‌లుగా మిగిలాయి. ఈనాడు ఆ నగను లోకమంతా బర్మా కెంపుల టియారా అని పిలుస్తుంది. అందులో మన డబ్బుతో వచ్చిన వజ్రాలు కూడా ఉన్నాయి, కానీ వాటికి పేరు లేదు. కెంపులు తొంభై ఆరూ ఒక అర్థంతో వచ్చాయి కాబట్టి వాటి పేరు నిలిచిందని, వజ్రాల వెంట ఖరీదు తప్ప ఏ మాటా రాలేదు కాబట్టి అవి మరో నగకు ముడిసరుకు అయ్యాయని నేను అనుకుంటాను. నెక్లెస్‌కు మటుకు నిజాం పేరు మిగిలింది, అదైనా ఆయన పేరే, శిస్తు కట్టినవారిది కాదు.

ఆ జాబితాలో నాకు అన్నింటికంటే నచ్చింది క్వీన్స్‌లాండ్ వారి అనాసపండు డబ్బాలు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. యుద్ధం ముగిసి రెండేళ్లు దాటినా బ్రిటన్‌లో తిండికి రేషన్ పోలేదు. యుద్ధకాలంలో లేని రొట్టె రేషన్ కూడా 1946 జూలైలో మొదలై 1948 దాకా కొనసాగింది. బట్టలకు కూపన్లు ఉండేవి, పెళ్లికూతురి గౌను గుడ్డకు కూడా కూపన్లు చెల్లించవలసి వచ్చింది. ఎందరో ఆడవాళ్లు తమ కూపన్లను ఆమెకు పోస్టులో పంపితే, ఒకరి కూపన్లు మరొకరు వాడడం చట్టవిరుద్ధం కాబట్టి వాటిని తిప్పి పంపేశారు. అలాంటి దేశానికి, అలాంటి పెళ్లికి ఏం పంపాలని క్వీన్స్‌లాండ్‌లో ఎవరో కూర్చుని ఆలోచించారు. తమ తోటల్లో విరివిగా పండేది అనాస, అవతలివాళ్లకు కొరతగా ఉన్నది తిండి. ఆ రెండింటినీ కలిపితే వచ్చిన కానుక అది. పెళ్లికి వచ్చిన ఆహార పదార్థాలను యువరాణి సందేశంతో పాటు వితంతువులకు, పింఛనుదారులకు పొట్లాలుగా పంచిపెట్టారు. క్వీన్స్‌లాండ్ రైతు ఆ సంగతి పత్రికలో చదివి ఉంటే తన తోట వైపు ఒకసారి చూసుకుని ఉంటాడు. సర్కారు కానుక వల్ల జనానికి కలగవలసిన సంతోషం అదే, దానికి వజ్రం అక్కరలేదు.

ప్రభుత్వం ఇచ్చింది కాకపోయినా గాంధీ పంపిన కానుక గురించి ఇక్కడ చెప్పక తప్పదు. తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని ఆయన అంటే, రాట్నం ఉంది కదా, నూలు వడికి ఏదైనా చేయించమని వరుడి మేనమామ లార్డ్ మౌంట్‌బాటెన్ సూచించాడు. ఆయన స్వయంగా వడికిన నూలుతో ఒక లేసు గుడ్డ అల్లించి, మధ్యలో ‘జై హింద్’ అన్న మాట వచ్చేలా చేసి పంపారు. దాన్ని చూసిన వారి అభిప్రాయాలు ఒక్కలా లేవు. యువరాణి నాయనమ్మ క్వీన్ మేరీ దాన్ని గోచీగుడ్డ అనుకుని నొచ్చుకున్నదని చెబుతారు. అయినా ఆ గుడ్డను భద్రంగా దాచుకున్నారు, ఇప్పటికీ అది రాజకుటుంబపు సేకరణలో ఉంది. ప్రభుత్వాలకు అందులో నేర్చుకోవలసింది నిరాడంబరత ఒక్కటే అని నేను అనుకోను. మూడు నెలల కిందట ఎవరి పాలన నుంచి బయటపడ్డారో వారి ఇంటి పెళ్లికే ద్వేషం లేకుండా, వంగిపోకుండా, తన దేశం ఏమిటో ఒక్క మాటలో రాసి పంపడమనేది ఎంతో ఆలోచించి చేసిన ఎంపిక.

మన తెలుగువారికి సర్కారు తరఫున రాచపెళ్లికూతురికి కానుక అన్న మాట కొత్తది కాదు. ఏటా శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతమ్మ పెళ్లికి ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తుంది. గోల్కొండ నవాబు తానీషా నాటి నుంచి వస్తున్న ఆచారమని పెద్దలు చెబుతారు. నిజాముల కాలంలోనూ సాగింది, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ మానలేదు. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి ఇదే గౌరవం జరుపుతోంది. అక్కడి తలంబ్రాలు నెత్తిన పెట్టుకుని నడిచే ముఖ్యమంత్రి ఎవరైనా, ఏ పార్టీ వారైనా, ఆ క్షణంలో వారు తమ సొంత కానుక తీసుకుపోవడం లేదు. జనం తరఫున మోస్తున్నారు. చూసే జనానికి కూడా అది అలాగే అర్థమవుతుంది, ఎందుకంటే పట్టుచీర, ముత్యాలు, తలంబ్రాలు అన్నవి ప్రతి ఇంటి పెళ్లిలోనూ ఏదో ఒక రూపంలో ఉండేవే.

భద్రాచలం కథలోనే దీనికి ఎదురు పక్క కూడా ఉంది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, దేవుళ్లకు నగలు చేయించాడు. సీతమ్మ చింతాకు పతకం తెలుగువారిలో తెలియనివాళ్లు లేరు. సర్కారు సొమ్ము అడగకుండా వాడినందుకు గోల్కొండ చెరలో పడ్డాడు. మనందరికీ రామదాసు మీద ఉన్న భక్తి నాకూ ఉంది, ఆ గుడి మెట్లు ఎక్కినప్పుడల్లా కళ్లు చెమరుస్తాయి. అయినా ఒక మాట చెప్పక తప్పదు: చెరలో ఉండి ఆయన పాడుకున్న కీర్తనలో ఏ నగకు ఎన్ని వరహాలు, ఎన్ని మొహరీలు పట్టాయో లెక్క చెబుతాడు. మనం దాన్ని భక్తుడి నిష్ఠూరంగా వింటాం. ఉద్యోగి కొడుకుగా పుట్టి లెక్కల పుస్తకాల మధ్య పెరిగిన నాకు అందులో ఒక తహసీల్దారు గొంతు కూడా వినిపిస్తుంది, ఖర్చు ఒప్పజెప్పకుండా ప్రాణం నిలవని మనిషి గొంతు. ప్రజల సొమ్ముతో పెళ్లికూతురికి పతకం చేయించినవాడు దాని ధర అందరూ వినేలా చెప్పాడు. మన కాలపు ప్రభుత్వాలు ఆ పాటి చేసినా చాలు.

అదే భద్రాచలానికి తూర్పుగోదావరి వైపున ఉన్న కోరుకొండ నుంచి భక్తులు గోటి తలంబ్రాలు తెస్తారు. వాటికోసం ప్రత్యేకంగా వరి పండిస్తారు, ఆ వడ్లను రోట్లో దంచరు, మరకు వేయరు. నేల మీద కూర్చుని ఒక్కొక్క గింజనూ బొటనవేలి గోటితో గిల్లి పొట్టు తీస్తారు. విరిగిన గింజను పక్కన పెట్టేస్తారు. ఒక దోసెడు బియ్యానికి ఎంతసేపు పడుతుందో చేసి చూస్తే గాని తెలియదు. నేను చేసి చూశాను, అరగంటకు నా గోరు నొప్పి పుట్టింది, గుప్పెడు కూడా కాలేదు. ఇది సర్కారు కానుక కాదు, కానీ సర్కారు ముత్యాల పక్కనే అదే మంటపంలో నిలుస్తుంది, విలువలో దేనికీ తీసిపోదు.

ఈమధ్య కాలంలో చాలా ప్రభుత్వాలు వస్తువులు ఇవ్వడం మానేసి, దంపతుల పేరు మీద విరాళం ఇచ్చే పద్ధతికి మళ్లాయి. 2011లో విలియం, కేట్ పెళ్లికి వధూవరులే కానుకలకు బదులు సేవాసంస్థలకు ఇమ్మని కోరారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం మారుమూల ప్రాంతాలకు విమానాల్లో వైద్యం చేరవేసే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్‌కు 25,000 డాలర్లు ఇచ్చింది. 2018లో హ్యారీ, మేఘన్ పెళ్లికి కెనడా పిల్లల క్రీడలకు తోడ్పడే జంప్‌స్టార్ట్ సంస్థకు 50,000 డాలర్లు, న్యూజిలాండ్ జైల్లో ఉన్నవారి పిల్లల బాగోగులు చూసే పిల్లర్స్ అనే సంస్థకు 5,000 డాలర్లు ఇచ్చాయి. ఇంతకంటే మంచి పద్ధతి ఏముంటుందని మిత్రులు నాతో వాదిస్తారు. పేదపిల్లలకు పోయే డబ్బును తప్పుపట్టే మనసు నాకు లేదు. నా అభ్యంతరం ఒక్కటే: తన దేశంలోని రోగులను, పిల్లలను చూసుకోవడం ఏ ప్రభుత్వానికైనా నిత్యవిధి, అది లండన్‌లో పెళ్లి జరిగినా జరగకపోయినా చేయవలసిన పనే. దాన్నే పెళ్లి కానుకగా చూపితే కానుక ఇచ్చినట్టూ అవుతుంది, ఎంచే శ్రమా తప్పుతుంది. అయినా ఆ మూడింటిలో న్యూజిలాండ్ ఎంపికను మెచ్చుకుంటాను. మొత్తం చిన్నది, ఏ పన్నుదారుడికీ బరువనిపించనిది, సాయం అందేది ఎవరూ పెద్దగా తలచుకోని పిల్లలకు. అక్కడ ఎవరో ఆలోచించారని తెలుస్తోంది.

కానుకను దుఃఖంలో ఉన్నవారి వైపు మళ్లించడం పెళ్లికూతురు చేస్తేనే ఎక్కువ శోభిస్తుంది. 1893లో మేరీ ఆఫ్ టెక్, అంటే తర్వాత క్వీన్ మేరీ అయినామె, పెళ్లికి బ్రిటన్, ఐర్లండ్ ఆడపిల్లలు చందాలు వేసుకుని ఒక టియారా కొన్నారు. పెళ్లికి రెండు వారాల ముందు, జూన్ 22న, హెచ్.ఎం.ఎస్. విక్టోరియా అనే యుద్ధనౌక మునిగి 358 మంది చనిపోయారు. చందాల్లో మిగిలిన డబ్బును ఆ నావికుల కుటుంబాలకు ఇమ్మని ఆమె కోరింది. నగ నగగానే ఆమెకు చేరింది, మిగిలింది కన్నీళ్లున్న ఇళ్లకు చేరింది. 1947లో మనవరాలి పెళ్లికి ఆ టియారానే ఆమె కానుకగా ఇచ్చింది. జపాన్‌లో ఇంకో రకం ఉంది: రాజవంశంలో పుట్టిన ఆడపిల్ల సామాన్యుణ్ణి పెళ్లాడి వెళ్లేటప్పుడు చట్టప్రకారం ప్రభుత్వమే ఒక మొత్తం ఇస్తుంది. 2005లో సయాకో పెళ్లికి 15.25 కోట్ల యెన్‌లు ఇచ్చారు. 2021లో మాకో ఆ సొమ్ము తనకు వద్దని వెళ్లిపోయింది. ఎంపికకు తావే లేని, అంకె మాత్రమే ఉన్న కానుకను వద్దనడం కూడా తేలికే అవుతుంది.

రాజులే లేని మన దేశం పరాయి రాజుల పెళ్లిళ్లకు కానుకలు ఎందుకు పంపాలి అని అడిగేవారికి నా జవాబు సూటిగానే ఉంటుంది. ఊళ్లో రాకపోకలున్న ఇంట్లో పెళ్లయితే చదివింపు చదివించి వస్తాం, వాళ్ల ఇంటి పద్ధతులన్నీ మనకు నచ్చాయని దాని అర్థం కాదు. దేశానికీ దేశానికీ మధ్య కూడా ఆ మాత్రం మర్యాద ఉండాలి, మర్యాద హద్దు దాటకుండా ఉండాలి. మన మంత్రులకు, అధికారులకు విదేశాల్లో వచ్చిన కానుకలు తోషాఖానాలో, అంటే ప్రభుత్వ కానుకల భాండాగారంలో, జమచేయాలని, 5,000 రూపాయల లోపు విలువైనవైతేనే డబ్బు కట్టకుండా వాళ్ల దగ్గర ఉంచుకోవచ్చని నిబంధన ఉంది. వచ్చినదానికి ఇంత కట్టుదిట్టం ఉన్నప్పుడు ఇచ్చినదానికీ ఉండాలి కదా. ఏం ఇచ్చారు, ఎంతకు కొన్నారు, ఎవరు ఎంచారు, ఎవరి చేతుల్లో తయారైంది అనే నాలుగు ముక్కలు ప్రతి కానుక వెంటా బహిరంగంగా రాసి పెట్టమని అడుగుతున్నాను. ముఖ్యంగా ఆ నాలుగోది. సిరిసిల్లలో, పోచంపల్లిలో, ఉప్పాడలో, వెంకటగిరిలో మగ్గం గుంతలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషికి తాను నేసిన చీర ఏ యువరాణికి వెళ్లిందో తెలియాలి. ఆ యువరాణికి కూడా అది ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే కాగితం అందాలి.

నా చేతికి ఆ చదివింపుల పుస్తకం ఇస్తే నేను రాయాలనుకునే పద్దు ఇలా ఉంటుంది: ఫలానా రాష్ట్ర ప్రజల తరఫున, ఫలానా ఊరి సంఘ సభ్యులందరు నేసిన పట్టుచీర ఒకటి, ధర ఇంత, కొన్నది ఫలానా తేదీన.